వానే లేదు, కారులో ఎడమ పక్క మ్యాట్ కింద నీళ్ళు, వాసన. ఏం చేయాలి?

బ్రాడీపేట_నాలుగోలైను:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. 2014లో కొన్న చిన్న పెట్రోల్ కారు, మా మామగారి పేరు మీద ఉంది. లక్షా నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంట్లో ఆరుగురం, బండి ఒక్కటే. పొద్దున పిల్లలిద్దర్నీ బడి దగ్గర దింపుతాను. వారంలో రెండు రోజులు మావారు విజయవాడ తీసుకెళ్తారు. నెలకోసారి అత్తయ్యగారిని అక్కడి ఆస్పత్రిలో చూపించుకుని రావాలి. పెదనందిపాడు వైపు కొంచెం పొలం ఉంది, పంటల కాలంలో అక్కడికీ ఇదే. ఇంటి ముందు వేపచెట్టు కింద పెడతాం, వేరే చోటు లేదు.

విషయం ఏమిటంటే, పదిహేను రోజుల కింద అత్తయ్యగారు ముందు సీట్లో కూర్చుని "కాళ్ళ కింద చల్లగా ఉందేంటమ్మా" అన్నారు. రబ్బరు మ్యాట్ ఎత్తి చూస్తే కార్పెట్ తడిసి ఉంది. వేలితో నొక్కితే నీళ్ళు పైకి వచ్చాయి. ఎవరో సీసా ఒలకబోసి ఉంటారనుకుని ఆ రోజుకి పాత తువ్వాలుతో అద్దేశాను. మూడో రోజుకి మళ్ళీ అంతే. ఆ వారమంతా చుక్క వాన లేదు. ఏసీ వేసిన మొదటి నిమిషంలో తడిసిన గోనెసంచి మూల పడేసినట్టు వాసన వస్తుంది, తర్వాత తగ్గుతుంది.

ఇప్పటికి చేసినవి: బట్టల పొడి నీళ్ళలో కలిపి బ్రష్‌తో రెండుసార్లు తోమాను. వాషింగ్ సెంటర్లో 600 ఇచ్చి లోపలంతా కడిగించాం. రెండు రోజులు సెంటు వాసన వచ్చింది, మూడో రోజు మళ్ళీ గోనెసంచి. వాళ్ళని అడిగితే "పాత బండి కదా మేడం, అంతే" అన్నారు.

నాకు ఇది ఎందుకింత పట్టింపు అంటే, అత్తయ్యగారికి షుగర్. మడమ మీద పుండు ఇప్పుడిప్పుడే మానుతోంది. ఆవిడ కూర్చునేది ఆ సీటే, పాదం పెట్టేది ఆ తడిలోనే. వెనక కూర్చోబెడదామంటే ఎక్కడం దిగడం ఆవిడకి కష్టం.

ఇంకో రెండు సంగతులు కూడా అడుగుతాను. మార్చిలో పొలం నుంచి రెండు బస్తాల ఎండుమిర్చి డిక్కీలో తెచ్చాం. నెలలు గడిచినా ఏసీ గట్టిగా పెడితే పిల్లలు తుమ్ముతూనే ఉన్నారు. రెండోది, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ తుడుస్తాడు, బోరు నీళ్ళే. బానెట్ మీద తెల్లటి చుక్కలు పడ్డాయి, ఎంత రుద్దినా పోవు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

పటమట_శ్రీమతి:

మా బండిలో వాసన వచ్చినప్పుడు తినే సోడా కార్పెట్ మీద చల్లి రాత్రంతా ఉంచి పొద్దున వాక్యూమ్ పెట్టాను, బాగానే పోయింది. కానీ మాది పాలు ఒలికిన వాసన. మీకు నీళ్ళు ఊరుతున్నాయంటున్నారు కదా, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలకుండా సోడా చల్లితే అది ముద్ద కట్టి కార్పెట్ దారాల్లో ఉండిపోతుంది. కొంచెం ఆగండి.

ఆర్టీసీ_గ్యారేజీ_రిటైర్డ్:

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి విజయవాడలోనే రిటైరయ్యాను. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఇంక కార్పెట్ తోమడం ఆపెయ్. నువ్వు కడిగే కొద్దీ అక్కడ తడి పెరుగుతోంది. జబ్బు కార్పెట్‌లో లేదు.

వాన లేదు, ఎడమ పక్క ముందు భాగంలోనే తడి, ఏసీ వేయగానే వాసన. మూడూ కలిపి చూస్తే నూటికి తొంభై పాళ్ళు ఏసీ నీళ్ళు పోయే గొట్టం మూసుకుపోయింది. ఎందుకంటావా, ఏసీ కాయిల్ డ్యాష్‌బోర్డు లోపల ఎడమ పక్కన, గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. గాలిలో తేమ ఆ చల్లటి కాయిల్‌కి తగిలి నీళ్ళయిపోతుంది, చల్లటి మంచినీళ్ళ గ్లాసు బయట చెమర్చినట్టు. మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఈ ఆగస్టు, సెప్టెంబరు ఉక్కలో ఆ నీళ్ళు బాగా పడతాయి. కింద ట్రేలో చేరి, చిటికెన వేలంత రబ్బరు గొట్టం గుండా రోడ్డు మీదికి కారిపోవాలి. గొట్టంలో దుమ్ము, ఆకు ముక్క అడ్డం పడితే ట్రే నిండి నీళ్ళు నీ కార్పెట్ మీదికే దిగుతాయి.

ముందు మూడు పరీక్షలు చెయ్. పైసా ఖర్చు లేదు.

ఆ తడిని తెల్ల గుడ్డతో అద్ది వాసన చూడు. రంగూ జిగురూ లేకుండా మామూలు నీళ్ళలా ఉంటే ఏసీ నీళ్ళే. పచ్చగానో గులాబీ రంగులోనో ఉండి, వేలికి జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వస్తే అది కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, హీటర్ దగ్గర కారుతోంది. అప్పుడు కథ వేరు, బండి తియ్యకుండా మెకానిక్‌ని ఇంటికే పిలిపించు. ఇంజను వేడెక్కి కూర్చుంటుంది.

రెండోది, సాయంత్రం పొడి నేల మీద బండి ఆపి, స్టార్టింగ్‌లోనే ఉంచి ఏసీ పావుగంట నడిపించు. ఆరుబయటే సుమా, మూసిన షెడ్డులో వద్దు. ముందు చక్రాల వెనక, ఎడమ పక్కగా కింద నీటి చుక్కలు పడాలి. పావుగంటకి చిన్న మడుగు కట్టాలి. నేల పొడిగా ఉందంటే గొట్టం మూసుకున్నట్టే.

మూడోది, వైపర్ల కింద నల్ల జాలీ ఉంటుంది చూడు, అద్దానికీ బానెట్‌కీ మధ్య. అక్కడ ఎన్ని వేపాకులున్నాయో చూడు. బయటి గాలి లోపలికి వచ్చేది ఆ దారినే. వాన నీళ్ళు బయటికి పోయేదీ ఆ పక్కనుంచే. వేపచెట్టు కింద బండంటే మార్చి, ఏప్రిల్‌లో పూత, ఆ తర్వాత పళ్ళు, ఏడాది పొడుగునా ఆకు. అవన్నీ అందులో పడి కుళ్ళుతాయి. వారానికోసారి బానెట్ ఎత్తి చేత్తో ఏరెయ్యాలి. నీళ్ళ పైపు పెట్టి లోపలికి తోసేస్తారు కొందరు. అలా చేస్తే చెత్తని గొట్టం మూతి దాకా మనమే చేర్చినట్టు.

గొట్టం శుభ్రం చేయడం మెకానిక్‌కి పావుగంట పని. బండిని పైకి లేపి, కింది నుంచి తక్కువ గాలి ఒత్తిడితో కొట్టాలి. ఇనుప తీగ పెట్టి గట్టిగా పొడవనివ్వకు. కాయిల్‌కి తగిలితే గ్యాసంతా పోతుంది, తర్వాత డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వస్తుంది. దగ్గర నిలబడి చేయించు.

అంతకంటే ముఖ్యమైంది ఆరబెట్టడం. కార్పెట్ పైన ఆరినట్టే ఉంటుంది. కింద దూదిలాంటి మందపాటి పొర ఒకటుంది, అది లీటర్ల కొద్దీ నీళ్ళు పీల్చుకుని కూర్చుంటుంది. నీ గోనెసంచి వాసన దానిదే. బ్యాటరీ తీగ ఊడదీసి, ముందు సీటు విప్పి, కార్పెట్ ఎత్తి, ఆ పొరని బయటికి లాగి రెండు మంచి ఎండలు తగలనివ్వాలి. రేకు మీద తుప్పు కనిపిస్తే తీగ బ్రష్‌తో గీకించి, ప్రైమరు వేయించి, ఆరాకే మళ్ళీ పరిపించు. లోపల ఎవరూ పైపుతో నీళ్ళు కొట్టకుండా చూసుకో, వైర్ల కట్టలు కార్పెట్ కిందే పోతాయి.

ఇకపైన ఒక అలవాటు పెట్టుకో తల్లీ. ఇల్లు ఇంకో మూడు నాలుగు నిమిషాల్లో వస్తుందనగా ఏసీ బటన్ ఆపేసి, ఫ్యాన్ మాత్రం నడవనివ్వు. కాయిల్ ఆరుతుంది. తడి కాయిల్‌తో బండి మూసేస్తే తెల్లారేసరికి బూజు వాసన రాక ఏం వస్తుంది! నువ్వైతే లక్ష్మీపురం దాటగానే ఆపేయొచ్చు.

డోర్ల కింది అంచున చిన్న చిన్న కంతలుంటాయి. అద్దం వెంట లోపలికి దిగిన వాన నీళ్ళు అక్కడినుంచే పోతాయి. కొబ్బరి ఈనె తీసుకుని నెలకోసారి అన్నిట్లో పొడిచి చూడు. డోరు కదిపితే లోపల నీళ్ళు గలగలమంటే అవి మూసుకున్నట్టు లెక్క. పాత బండ్ల డోర్లు కిందినుంచి పుచ్చిపోయేది ఇందుకే. పైన పాలిష్‌కి వేలు పోసేవాళ్ళు కూడా ఈ కంతల సంగతి పట్టించుకోరు, నాకదే బాధ.

బ్రాడీపేట_నాలుగోలైను:

బాబాయ్ గారూ, మీకు నమస్కారం. ఇప్పుడే చూసి వచ్చాను. గుడ్డకి రంగు లేదు, జిడ్డు లేదు. ఏసీ ఇరవై నిమిషాలు నడిపినా కింద ఒక్క చుక్క పడలేదు. నేను, మా పెద్దాడు ఇద్దరం టార్చి పట్టుకుని కూర్చుని చూశాం. జాలీ కింద నుంచి పిడికెడు వేపాకు తీశాను, అడుగుది నల్లటి మట్టి అయిపోయింది. ఆదివారం షెడ్డుకి తీసుకెళ్తాం. అంతదాకా అత్తయ్యగారిని వెనకే కూర్చోబెడతాను, కింద చిన్న పీట వేసి ఎక్కిస్తాం.

మిర్చి సంగతి ఎవరికైనా తెలుసా?

మిర్చియార్డు_రోడ్డు:

అక్కా, అది నన్నడగండి. మాది మిర్చి యార్డుకి సరుకు తెచ్చే కుటుంబమే. నా సొంత కారులో నమూనా కాయలు తిరగని రోజు లేదు. మీరు తెచ్చింది తేజ రకం మిర్చి అయితే దాని ఘాటు ఊరికే పోదు.

అందరూ చేసే తప్పేంటంటే, డిక్కీ తడిగుడ్డతో తుడిచి అయిపోయిందనుకుంటారు. మిరప ఘాటు నూనెలాంటి పదార్థంలో ఉంటుంది, ఉత్త నీళ్ళకి లొంగదు. కాయలు కోసిన చేతిని నీళ్ళతో ఎంత కడిగినా మంట పోదు చూడండి, అలాగే. సబ్బు కావాలి. ముందు మాస్కు కట్టుకుని, నాలుగు తలుపులూ డిక్కీ తెరిచి, వాక్యూమ్‌తో గింజలూ పొట్టూ లాగెయ్యండి. వెనక సీటు మడిచి, సీటు పట్టాల సందుల్లో, స్టెప్నీ టైరు గుంటలో చూడండి, అక్కడే ఎక్కువుంటాయి. వాషింగ్ సెంటర్లో గాలి గొట్టం మాత్రం కొట్టించకండి. డిక్కీలో ఉన్న దుమ్మంతా ఏసీ రంధ్రాల్లోకి పోతుంది. మీ పిల్లలు తుమ్మేది దానివల్లే అయ్యుండొచ్చు, 600 ఇచ్చి కడిగించారన్నారు కదా. తర్వాత కారు షాంపూ రెండు చుక్కలు వేసిన నీళ్ళలో గుడ్డ ముంచి బాగా పిండి, డిక్కీ రేకు, ప్లాస్టిక్ అన్నీ తుడవండి. ఆ చెయ్యి కళ్ళకి తగలనివ్వకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

గ్లవ్‌బాక్స్ విప్పితే వెనక ఏసీ ఫిల్టర్ ఉంటుంది. కొన్ని పాత మోడళ్ళలో ఫిల్టర్ ఉండదు, దాని చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. అలా ఉంటే కొని పెట్టించుకోండి. కాగితం ఫిల్టర్‌ని కడిగి వాడొద్దు, మార్చేయడమే. నాది తీసినప్పుడు తెల్లగా ఉండాల్సింది ఇటుక రంగులో ఉంది, అంచుల్లో గింజలు కూడా ఉన్నాయి.

వచ్చే ఏడు తెచ్చేటప్పుడు డిక్కీలో ముందు మందపాటి పట్టా పరిచి, బస్తాని ఇంకో ప్లాస్టిక్ సంచిలో దింపి మూతి కట్టండి. అద్దాలు దించి రండి. లోపలి గాలే తిరిగే బటన్ నొక్కితే ఘాటు మీతోనే ఉంటుంది. పెదనందిపాడు నుంచి గంట ప్రయాణం కూడా లేదు కదా, ఏసీ లేకుండా వచ్చేయొచ్చు.

సింగ్‌నగర్_నుంచి:

చెల్లీ, నేను విజయవాడ సింగ్‌నగర్ నుంచి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు మా కారు సీట్ల దాకా మునిగింది. నీళ్ళు తియ్యడానికి రోజులు పట్టింది. మీది అంత పెద్ద కష్టం కాదు, కాకూడదు కూడా. కానీ తడి కారు లోపల ఏం చేస్తుందో దగ్గర నుంచి చూశాను కాబట్టి రాస్తున్నాను.

మేము చేసిన ఒక్క మంచిపని, నీళ్ళు తీశాక కూడా తాళం తిప్పలేదు. బ్యాటరీ తీగ పీకించి బండి లాగించుకుని ఆటోనగర్ తీసుకెళ్ళాం. పక్కింటాయన ఆత్రంగా స్టార్ట్ చేశాడు, ఇంజన్‌లోకి నీళ్ళు పోయి రాడ్లు వంగాయి.

మాకు తెలియక పోగొట్టుకున్నది మాత్రం కార్పెట్ కింద. పైపైన ఆరబెట్టి పరిచేశాం. నాలుగు నెలలకి ఒక తలుపు లాక్ పనిచెయ్యలేదు, తర్వాత వెనక లైటు. విప్పితే సీటు కింద వైర్ల సాకెట్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే మా మెకానిక్ కుర్రాడు పళ్ళు తోముకునే బ్రష్‌తో, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో శుభ్రం చేస్తుంటే రెండు రోజులు పక్కనే కూర్చున్నాను. కాబట్టి మీ సీటు విప్పినప్పుడు ఆ సాకెట్లు కూడా తప్పకుండా చూడమనండి. పచ్చదనం మొదలైందంటే ఇప్పుడే తుడిపించేయండి.

సీటు బెల్టు కూడా చివరి దాకా లాగి చూడండి. చుట్టుకుని ఉన్న భాగంలో బూజు చుక్కలుంటాయి, పైకి కనపడవు. గోరువెచ్చని సబ్బు నీళ్ళతో గుడ్డ పెట్టి తుడిచి, బట్టల క్లిప్పు పెట్టి లాగిన చోటే ఆపి, పూర్తిగా ఆరాక వదలాలి. బ్లీచింగ్ పెట్టకండి, పట్టీ బలం పోతుంది. అత్తయ్యగారి పుండు త్వరగా మానాలి అమ్మా.

ఆర్టీసీ_గ్యారేజీ_రిటైర్డ్:

బెల్టు సంగతి నేను మర్చిపోయాను, మంచిమాట చెప్పావు తల్లీ.

బానెట్ మీద తెల్ల చుక్కల గురించి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. నీళ్ళు ఎండిపోతాయి, సున్నం మిగులుతుంది. ఆర్వో మిషన్ వదిలేసిన నీళ్ళు వృథా ఎందుకని కొందరు దాంతో కారు కడుగుతారు, అది ఇంకా చేటు. ఆ నీళ్ళలో బోరు నీళ్ళకంటే ఎక్కువ ఉప్పులుంటాయి. నీకు కుళాయిలో కృష్ణా నీళ్ళు వచ్చే రోజు రెండు బకెట్లు పట్టిపెట్టుకో. వారానికి ఒకసారి చాలు, కానీ పద్ధతిగా కడగాలి. పొద్దున ఎనిమిది లోపు, నీడలో, ముందు పైనుంచి నీళ్ళు పోసి మట్టి జారిపోయాకే గుడ్డ పెట్టు. చక్రాలకి వేరే గుడ్డ. బట్టల పొడి, అంట్ల సబ్బు వద్దు, పైన ఉన్న మైనం పొర పోతుంది. నీళ్ళు ఎండకముందే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దెయ్.

ఉన్న చుక్కలకి తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డతో తడిపి ఒక్క నిమిషం ఉంచి మంచినీళ్ళతో కడిగెయ్. ఎండలో నిలబడిన వేడి రేకు మీద మాత్రం చెయ్యకు. అప్పటికీ పోకపోతే పెయింట్‌లోకి దిగినట్టు, పాలిష్‌తోనే పోవాలి.

మీ వాచ్‌మన్‌కి కోపంగా చెప్పొద్దు, పాపం ఒకే బకెట్‌తో పది బండ్లు తుడుస్తాడు. పదో బండికి అది నీళ్ళు కాదు, ఇసుక పిండి. మీ బండి వరకు గుడ్డ పెట్టొద్దని, నెల డబ్బు మామూలుగానే ఇస్తానని చెప్పు. ఒప్పుకుంటాడు.

దసరా దగ్గరికొస్తోంది కాబట్టి ఇదీ చెప్తాను. ఆయుధపూజకి బానెట్ మీద కుంకుమని నూనెలో కలిపి బొట్లు పెట్టకండి, నీళ్ళతో తడిపి పెట్టండి. పూజ అయిన సాయంత్రమే షాంపూ నీళ్ళతో కడిగెయ్యండి. పసుపు మరక ఎండకి కొన్నాళ్ళకి వెలుస్తుంది, నూనె కుంకుమ అలా పోదు.

బ్రాడీపేట_నాలుగోలైను:

ఆదివారం పని అయింది. అందరికీ చెప్పాలని రాస్తున్నాను.

షెడ్డులో బండి లేపి కుర్రాడు గొట్టం కొసని రెండు వేళ్ళతో నలిపాడు. ముందు ఏమీ రాలేదు. గాలి కొద్దిగా పెట్టగానే బొటనవేలంత ముద్ద ఊడిపడింది, దాని వెనక అర లీటరు పైన నల్లటి నీళ్ళు వాడి చొక్కా మీద. ఆ ముద్దని చేతిలోకి తీసుకుని విడదీసి చూశాను. ఎండిన వేప పూత, ఏదో జుట్టులాంటిది, మధ్యలో ఎర్రటి పొర. ముక్కు దగ్గర పెట్టుకోగానే తుమ్ము వచ్చింది. మిర్చి దుమ్మే.

సీటు విప్పి కార్పెట్ ఎత్తితే బాబాయ్ గారు చెప్పిన దూది పొర దిండులా ఉబ్బి ఉంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని దుప్పటి పిండినట్టు పిండాం. దాని కింద నాలుగు తేజ కాయలు దొరికాయి, మార్చివి. రేకు మీద అరచేయంత తుప్పు ఉంటే గీకి ప్రైమరు వేశారు. సాకెట్లలో ఒక్కదానికే పచ్చదనం మొదలైంది, తుడిపించాను. అన్నీ కలిపి 850 తీసుకున్నారు. మాకు ఫిల్టర్ లేదు, ఖాళీ చోటే ఉంది. అందులో కొత్తది పెట్టించాం, అది వేరే.

పొర ఇంకా మేడ మీదే ఉంది. పైన ఆరింది, మడిచి చెవి దగ్గర పెట్టుకుని నొక్కితే లోపల తడి చప్పుడు వస్తోంది. బుధవారం దాకా ఎండనిస్తాను. అంతదాకా ముందు సీటు లేకుండానే నడుపుతున్నాం. నిన్న పిల్లల్ని దింపి వచ్చి బండి ఆపగానే కిందికి వంగి చూశాను. ఎడమ పక్కన టప్ టప్‌మని పడుతున్నాయి.

సింగ్‌నగర్ అక్కా, బెల్టు చివరి దాకా లాగాను. మీరన్నట్టే లోపలి జానెడులో బూజు. క్లిప్పు పెట్టి ఆరబెట్టాను.

ఒక్కటి మిగిలింది బాబాయ్ గారూ. వెనక ఎడమ డోరు కంతలో ఈనె దిగడం లేదు, గట్టిగా తగులుతోంది. తుప్పా, మట్టా ఎలా తెలుస్తుంది?

ఆర్టీసీ_గ్యారేజీ_రిటైర్డ్:

ముందు వేడినీళ్ళు ఒక చెంచాడు ఆ కంతకి తగిలేలా పోసి పదినిమిషాలు ఆగు. మట్టి అయితే నానుతుంది, ఈనె మెత్తగా దిగుతుంది. అప్పటికీ గట్టిగానే ఉండి, గీకితే గోధుమరంగు పొలుసు వస్తే తుప్పు. అప్పుడు ఇంక పొడవకు, డోరు లోపలి అట్ట విప్పించి పైనుంచి చూడాలి. ఫొటో తీసి పెట్టమ్మా, చూసి చెప్తాను.